రెండు రీళ్ల నవ్వు: మూకీ హాస్యం గోదావరి పాయలు దాటిన కథ

1910లో రావులపాలెం పక్కన రావులపాడులో రేలంగి వెంకట్రామయ్య పుట్టారు. అదే ఏడాది ఇరవై ఒక్కేళ్ల చార్లీ చాప్లిన్ ఫ్రెడ్ కార్నో నాటక బృందంతో ఓడెక్కి మొదటిసారి అమెరికా వెళ్లాడు. ఒకరి ఊసు ఒకరికి తెలిసే అవకాశమే లేదు. కానీ సినిమా హాస్యం చరిత్ర రాయాలని కూర్చున్న తెలుగువాడికి ఈ రెండు సంగతులూ ఒకే పేజీలో పడతాయి.

కోనసీమ అనగానే అందరికీ వెటకారం గుర్తొస్తుంది. అరుగు మీద కూర్చుని ఒక్క మాటతో ఎదుటివాడి గాలి తీసేసే నేర్పు మా వాళ్లకి పుట్టుకతో వస్తుందని పేరు. అలాంటి సీమ నుంచి వెళ్లి తెలుగు తెరను ఏలిన హాస్యనటుడు మాత్రం నోరు తెరిచేలోపే నవ్వించగలిగినవాడు. భుజాలు కుదించి, మోకాళ్లు వదులు చేసి, నడుస్తున్నవాడల్లా గతుక్కుమని ఆగి రేలంగి ఒక్క చూపు చూస్తే హాలు ఊగిపోయేది. తెలుగు హాస్యానికి మూలాలు వెతికినప్పుడల్లా మనం ప్రహసనాల దగ్గరికీ పద్యనాటకంలోని విదూషకుడి దగ్గరికీ వెళతాం. అది సరైనదే. కానీ మాట అక్కర్లేని నవ్వు ఇంకొకటి, అమెరికాలో పది ఇరవై నిమిషాల మూకీ బొమ్మల్లో పెరిగి, మన సొంత సినిమా కంటే ముందే మన తీరం చేరింది. మన సినీ చరిత్రల్లో దానికి ఒక పేరాకి మించి చోటు దక్కలేదు. దాన్ని మొదటి నుంచీ చూసుకుంటూ రావాలని ఈ ప్రయత్నం.

సినిమాలో నవ్వు సినిమాతోనే పుట్టింది. 1895లో లూమియేర్ సోదరులు చూపిన తొలి బొమ్మల్లోనే తోటమాలి గొట్టాన్ని ఒక కుర్రాడు కాలితో నొక్కిపట్టి, అతను గొట్టంలోకి తొంగిచూసేసరికి వదిలేయడం, నీళ్లు మొహాన కొట్టడం ఉన్నాయి. తర్వాత ఫ్రాన్సులో మాక్స్ లిండర్ పట్టుటోపీ పెద్దమనిషి వేషంలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. చాప్లిన్ ఆయన్ను గురువుగా చెప్పుకున్నాడు. అయితే ఈ తరహాను కార్ఖానా స్థాయికి తెచ్చినవాడు మాక్ సెనెట్. 1912లో లాస్ ఏంజెలెస్‌లో కీస్టోన్ కంపెనీ పెట్టాడు. రాసుకున్న స్క్రిప్టు ఉండేది కాదు. ఊళ్లో కార్ల పందెం జరుగుతోందంటే కెమెరా పట్టుకుని అక్కడికి పోయేవారు. పార్కు, చెరువు, ఒక పోలీసు, ఒక అందగత్తె దొరికితే ఒక బొమ్మ అయిపోయేది. ఒక రీలు అంటే వెయ్యి అడుగులు, పది పదిహేను నిమిషాలు. అసలు సినిమాకి ముందు వేయడానికి ఇలాంటివి వారం వారం కావాలి.

కీస్టోన్ పోలీసుల గుంపు పరుగులు చాలామందికి తెలుసు. మ్యాబెల్ నార్మండ్ పేరు మాత్రం తెలియాల్సినంత తెలియదు. చాప్లిన్ అక్కడ అడుగుపెట్టేసరికే ఆమె పెద్ద తార. పరుగు, పడడం, ఈత, దెబ్బ తినడం, దెబ్బ కొట్టడం అన్నీ తనే చేసేది. తన బొమ్మలకు తానే దర్శకత్వం వహించేది. చాప్లిన్ కొన్ని తొలి చిత్రాల్లో ఆమె చెప్పినట్టు నటించాడు. ఆడవాళ్లు ఒళ్లు దాచుకోకుండా నవ్వించగలరని 1914లోనే తేలిపోయింది. మన దగ్గర ఆ ధైర్యం సూర్యకాంతంలో చూశాం. నడుం బిగించి, ఎడమచెయ్యి తిప్పి, కళ్లు ఉరిమితే చాలు, సంభాషణ తర్వాత వచ్చేది. ఆవిడ కాకినాడ ప్రాంతం మనిషి.

1914 ఫిబ్రవరిలో చాప్లిన్ మొదటి బొమ్మ వచ్చింది. వదులు ప్యాంటు, ఇరుకు కోటు, పెద్ద బూట్లు, చిన్న మీసం, బెత్తం అదే నెలలో తెర మీద కనిపించాయి. ఆ ఒక్క సంవత్సరంలో దాదాపు మూడు డజన్ల చిత్రాలు చేశాడు. కీస్టోన్‌లో వారానికి 150 డాలర్లు, మరుసటి ఏడు ఎసానే కంపెనీలో 1,250, 1916లో మ్యూచువల్ కంపెనీలో 10,000. మూడేళ్లలో ఒక మనిషి జీతం అలా పెరగడం ఆ రోజుల్లో లోకాన్నంతటినీ ఆశ్చర్యపరిచింది. నాకు ఆ అంకెల కంటే ఆ మూడేళ్లలో అతని ఆట మారిన తీరు ముఖ్యంగా తోస్తుంది. కీస్టోన్ బొమ్మల్లో చాప్లిన్ తన్నేవాడు, గిచ్చేవాడు, కొంత దుర్మార్గుడు కూడా. ఎసానేలో చేసిన 'ది ట్రాంప్' చివర్లో మొదటిసారి ఒంటరిగా రోడ్డు పట్టుకుని నడిచిపోయాడు. మ్యూచువల్‌కి చేసిన పన్నెండు రెండు-రీళ్ల చిత్రాలు ఈ కళ మొత్తంలోనే శిఖరాలని నా నమ్మకం. 'ఈజీ స్ట్రీట్', 'ది ఇమిగ్రెంట్', 'ది పాన్‌షాప్' మళ్లీ మళ్లీ చూడదగ్గవి.

వాటిలో 'వన్ ఏ.ఎం.' గురించి కాస్త ఆగి చెప్పాలి. మొదట్లో టాక్సీ డ్రైవరు కనిపించడం తప్పిస్తే తెర మీద చాప్లిన్ ఒక్కడే. తాగి అర్ధరాత్రి ఇంటికొచ్చిన షోకిలా మనిషి, పైఅంతస్తులోని పడకగదికి చేరుకోవాలి. అంతే కథ. నేల మీద పరిచిన పులితోలు అతన్ని భయపెడుతుంది. గుండ్రని బల్ల తిరిగిపోతుంది. మెట్లు ఎక్కిన ప్రతిసారీ ఏదో రూపంలో కిందికి వస్తాడు. గోడగడియారం లోలకం వచ్చి ముఖానికి తగులుతుంది. చివరికి గోడలోంచి దిగే మడతమంచం. దింపితే పైకి లేస్తుంది, కూర్చుంటే తిరగబడుతుంది, వదిలేస్తే తనే దిగుతుంది. ఆ మంచంతో అతను పడే పాట్లు కొన్ని నిమిషాల పాటు సాగుతాయి. ప్రాణం లేని సామాను మనిషి మీద పగబట్టినట్టు ప్రవర్తించడం ఈ హాస్యానికి పునాది. ఈ మంచం ముచ్చట మనసులో పెట్టుకోండి, మళ్లీ కావాలి.

చాప్లిన్ పక్కనే ఇంకో ఇద్దరు. హరాల్డ్ లాయిడ్ మొదట చాప్లిన్‌ని అనుకరించే వేషంతో నిర్మాత హాల్ రోచ్ దగ్గర చిన్న బొమ్మలు చేసి, 1917లో గుండ్రటి కళ్లజోడు పెట్టుకుని మామూలు కుర్రాడయ్యాడు. 1919లో ఫోటో కోసం పట్టుకున్న బాంబు నిజంగా పేలి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. 1923లో 'సేఫ్టీ లాస్ట్'లో మేడ గడియారం ముల్లు పట్టుకుని వేలాడినప్పుడు ఆ లోపం తొడుగు కింద దాచుకున్నాడు. బస్టర్ కీటన్ పసితనం నుంచే అమ్మానాన్నలతో స్టేజీ మీద విసిరేయించుకుంటూ పెరిగాడు. 1917లో రాస్కో ఆర్‌బకుల్ తీసిన 'ది బుచర్ బాయ్'లో చీపురు పరీక్షిస్తూ, బెల్లపు పాకంలో టోపీ అతికించుకుంటూ సినిమాలోకొచ్చాడు. ఆర్‌బకుల్ లావాటి మనిషి, ఆ ఒంటితో పక్షిలా కదిలేవాడు. 1921లో ఒక నటి మరణం కేసులో ఇరుక్కుని, మూడో విచారణలో నిర్దోషిగా బయటపడ్డా అతని జీవితం కోలుకోలేదు. కీటన్ మాత్రం 1920 నుంచి సొంతంగా పంతొమ్మిది చిన్న చిత్రాలు చేశాడు. 'కాప్స్', 'ది బోట్', 'ది ప్లేహౌస్', అన్నిటికంటే ముందు 'వన్ వీక్'.

లారెల్, హార్డీలు చివర్లో వచ్చారు, 1927లో. తొందరపాటు లేకుండా నవ్వించడం వాళ్ల కనుగోలు. 'బిగ్ బిజినెస్'లో ఇద్దరూ క్రిస్మస్ చెట్లు అమ్ముకోవడానికి ఒక ఇంటికెళతారు. ఇంటాయన వాళ్ల చెట్టు కొమ్మ కత్తిరిస్తాడు. వీళ్లు ఆగి, ఆలోచించి, ఆయన తలుపు పాడు చేస్తారు. ఆయన ఓపిగ్గా చూసి వాళ్ల కారు దీపం పీకుతాడు. అలా వంతులవారీగా ఇల్లూ కారూ రెండూ నేలమట్టం. కొబ్బరితోట గట్టు మీద తగాదాపడే అన్నదమ్ములను చూసినవాళ్లకి ఈ లయ వివరించక్కర్లేదు. ఒకడు కంచె పీకుతాడు, రెండోవాడు అది పూర్తయ్యేదాకా నిలబడి చూసి అప్పుడు మొదలెడతాడు.

ఇక ఇవి మన వైపుకి ఎలా వచ్చాయంటే, మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటోగ్రాఫర్‌గా స్థిరపడిన రఘుపతి వెంకయ్య నాయుడు పుణ్యం చాలా ఉంది. గుడారాలు వేసి ఊరూరా బొమ్మలు చూపించి, 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. చాప్లిన్ తెరకెక్కిన ఏడూ, మద్రాసులో ఒక భారతీయుడు సొంత సినిమా హాలు కట్టిన ఏడూ ఒక్కటే. తర్వాత క్రౌన్, గ్లోబ్ కూడా ఆయనవే. 1921లో విజయవాడలో మారుతీ సినిమా వచ్చింది, ఆంధ్రలో తొలి హాలు. హాళ్లు వచ్చాయి గానీ మన బొమ్మలు లేవు. 1927లో ప్రభుత్వం టి. రంగాచారి అధ్యక్షతన వేసిన సినిమాటోగ్రాఫ్ కమిటీ దేశమంతా తిరిగి తేల్చినదీ అదే. ఆడేవాటిలో ఎక్కువ భాగం విదేశీ చిత్రాలు, వాటిలోనూ ఎక్కువ అమెరికావి. ఇంగ్లీషు తెలియని జనం ఆ చిత్రాల్లో పోరాటాలూ హాస్యమూ కోరుకున్నారు. అది సహజమే. తెర మీద వచ్చే అక్షరాలు చదవలేనివాడికి కూడా జారిపడడం అర్థమవుతుంది.

అక్షరాలు చదవలేని జనం కోసం తెర పక్కన ఒక మనిషి నిలబడేవాడు, వ్యాఖ్యాత. బొమ్మ నడుస్తుంటే గట్టిగా కథ చెప్పేవాడు, పాత్రలకు తనే గొంతులు పెట్టేవాడు, హార్మోనియం తబలా పక్కన మోగేవి. అమెరికా మూకీ మన ఊళ్లలో ఎప్పుడూ మూగగా ఆడలేదన్నమాట. కాకినాడలో అలా మూకీలకు వ్యాఖ్యానం చెప్పిన కుర్రాడే కస్తూరి శివరావు. 1949లో 'గుణసుందరి కథ'లో కథానాయకుడు, తెలుగులో తారస్థాయి అందుకున్న తొలి హాస్యనటుడు. ఆయన నటన గురించి మాట్లాడేవాళ్లు ఈ వ్యాఖ్యాత ఉద్యోగాన్ని ఒక వింత వివరంగా చెప్పి దాటేస్తారు. నాకది ఆయన చదువుకున్న బడిలా కనిపిస్తుంది. ఒకే బొమ్మకు పూట పూటకూ నోటితో జత కట్టాలంటే ఎక్కడ జనం నవ్వుతారో, ఎంతసేపు నవ్వుతారో, ఆ నవ్వు ఆగేదాకా ఎలా ఊరుకోవాలో ఒంటికి పట్టాలి. అమెరికాలో సెనెట్ మనుషులు ప్రేక్షకుల ముందు ముక్క వేసి చూసుకుని నేర్చుకున్న పాఠాన్ని, కాకినాడ కుర్రాడు తెర పక్కన నిలబడి నేర్చుకున్నాడు.

ఆ కాకినాడకే చెందినవారు చిత్తజల్లు పుల్లయ్య. మద్రాసులో వెంకయ్య గారబ్బాయి ఆర్. ప్రకాశ్ దగ్గర పనిచేసి, 1921 నాటి 'భీష్మప్రతిజ్ఞ' మూకీ తరం ఉత్సాహంతో ఊరికి తిరిగొచ్చి, 1920ల నడుమ 'భక్త మార్కండేయ' అనే మూకీ తీశారు. అందులో యముడు ఆయనే. తీసింది ఊళ్ల వెంట తిప్పి చూపించారు కూడా. రేలంగి కాకినాడలో చదువుకుని, నాటకాలాడి, ఈ పుల్లయ్య గారి పంచనే చేరారు. 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'తో తెర మీదకొచ్చినా, ఆ తర్వాత ఏళ్ల తరబడి కలకత్తాలో పుల్లయ్య గారికి నటుల్ని కుదర్చడం దగ్గర్నుంచి నిర్మాణం పనుల దాకా అన్నీ చూశారు. 1953లో పుల్లయ్య గారు 'పక్కింటి అమ్మాయి' తీసినప్పుడు రేలంగే కథానాయకుడు. గురువు కాకినాడ మూకీల మనిషి, తోటి నటుడు మూకీల వ్యాఖ్యాత, రేలంగి బాల్యం కౌమారం సరిగ్గా చాప్లిన్, కీటన్‌ల కాలం. ఫలానా అభినయం ఫలానా బొమ్మలోంచి తెచ్చుకున్నారని వేలు పెట్టి చూపించాలని నేననుకోను. ఆ గాలి పీల్చి పెరిగిన తరమని మాత్రం నిస్సంశయంగా అంటాను.

మరి అప్పట్లో కోనసీమ? నదీపాయలూ సముద్రమూ చుట్టుకున్న నేల. ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత కాలువలే రోడ్లు, పడవే బండి. అమలాపురం నుంచి ఎటు వెళ్లాలన్నా రేవు దాటాలి. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలు పడింది. ముక్తేశ్వరం వైపు నుంచి గౌతమి దాటి కోటిపల్లిలో ఎక్కితే కాకినాడలో దిగొచ్చు. మూకీల ఆఖరి రోజుల్లో కోనసీమ మనిషికి సినిమా పట్టణం దగ్గరైన తోవ అది. 1940లో యుద్ధం కోసం ఆ పట్టాలే పీక్కుపోయారు. మళ్లీ రైలు రావడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. యానాం–ఎదుర్లంక వంతెన 2002 నాటి మాట. సఖినేటిపల్లి–నరసాపురం రేవులో ఈనాటికీ పంటే దిక్కు. ఇంత నీటి మధ్య ఉన్న సీమలో ఏ కొత్త వింతైనా ఆలస్యంగా దిగడం మామూలే. వచ్చినదాన్ని మాత్రం మా వాళ్లు ఇట్టే సొంతం చేసుకుంటారు.

సొంతం చేసుకోవడానికి కారణం కూడా ఉంది. ఒళ్లు విరిచి నవ్వించే కళ ఇక్కడ కొత్తది కాదు. తోలుబొమ్మలాటలో రామాయణం గంభీరంగా సాగుతున్న చోట కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఊడిపడతారు. బంగారక్క కొడుతుంది, వాడు ఎగిరిపడతాడు, మళ్లీ లేస్తాడు, మళ్లీ తింటాడు. కీళ్లు వదులుగా కట్టిన తోలుబొమ్మ ఎగిరి పడినట్టు మనిషి పడలేడు. కీటన్ దాదాపు అలా పడగలిగాడు. కాకినాడ దగ్గరి మాధవపట్నంలో ఈ ఆటగాళ్ల కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. రాత్రంతా సాగే ఆటలో నిద్రపోతున్న జనాన్ని లేపేది ఈ ముగ్గురే. సెనెట్ ఒక రీలు బొమ్మ అసలు సినిమాకి ముందు చేసే పనీ దాదాపు ఇదే.

సాహిత్యంలోనూ ఆ రోజులు అలాంటివే. చిలకమర్తి వారి 'గణపతి' చదివి పడీపడీ నవ్విన జిల్లా మాది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం' తొలి భాగం 1924లో వచ్చింది. అదే ఏడు కీటన్ 'షెర్లాక్ జూనియర్' వచ్చింది. మొగల్తూరు కుర్రాడు పార్వతీశం టోపీతో, కత్తీ ఫోర్కులతో, ఓడతో పడే అవస్థలు చూడండి. కొత్త వస్తువు ఎదురైన మనిషి ఒళ్లు ఎలా ఇబ్బంది పడుతుందో అంత వివరంగా తెలుగులో ఎవరూ రాయలేదు. 1940లో ఆ పుస్తకం సినిమా అయింది. లంక సత్యం పార్వతీశం, జి. వరలక్ష్మికి అదే తొలి చిత్రం, దర్శకుడు ఆర్. ప్రకాశ్. తండ్రి హాళ్లలో అమెరికా మూకీలు ఆడుతుండగా పెరిగి, మూకీలు తీసిన మనిషి తెలుగు ప్రహసనానికి కెమెరా పెట్టాడు. ఆ చిత్రానికి జతగా 'బోండాం పెళ్లి' అనే పొట్టి హాస్యచిత్రం వచ్చింది. పుల్లయ్య గారూ 1930ల చివర 'కాసులపేరు' లాంటివి తీశారు. రెండు రీళ్ల అమెరికా అలవాటు తెలుగులో వేళ్లూనడానికి ఒక చిన్న అవకాశం దొరికిన రోజులవి. నిలవలేదు. పెద్ద సినిమాలోనే హాస్యం ఒక ట్రాకుగా కలిసిపోయింది. ఇది మనకు జరిగిన నష్టమని నేను గట్టిగా అనుకుంటాను.

1927 అక్టోబరులో 'ది జాజ్ సింగర్', 1931లో 'కాళిదాస్', 1932లో 'భక్త ప్రహ్లాద'. మాట వచ్చింది, పాట వచ్చింది, పద్యం వచ్చింది. అమెరికాలో మైకు ఉన్న చోటికి నటుడు కట్టుబడిపోయాడు, పరుగు ఆగింది. కీటన్ స్వతంత్రం పోగొట్టుకున్నాడు, చాప్లిన్ 1936 దాకా మొండికేశాడు, లారెల్ హార్డీలు మాత్రం ఇబ్బంది లేకుండా దాటేశారు. తెలుగులో మాట మరీ బలంగా గెలిచింది. పింగళి నాగేంద్రరావు దగ్గర్నుంచి ముళ్లపూడి వెంకటరమణ, నరసాపురం జంధ్యాల దాకా మనం హాస్యాన్ని రచయిత పేరుతోనే గుర్తుపెట్టుకుంటాం. వాళ్ల మీద నాకున్న ప్రేమ ఎవరికీ తీసిపోదు. అయినా ఆ వెలుగులో నటుడి ఒంటి పనితనం కనపడకుండా పోయిందన్నది నిజం.

'మాయాబజార్' తీసుకోండి, 1957. ఆ సినిమా అనగానే పింగళి మాటలు అప్పజెప్పేస్తాం. పెళ్లివారి విడిదిలో శర్మ, శాస్త్రుల పాట్లు మళ్లీ శబ్దం ఆపి చూడండి. అల్లు రామలింగయ్య, వంగర ఇద్దరూ గింబళి అనే మాయ తివాచీ మీద కూర్చుంటే అది చుట్టుకుంటుంది. గిల్పం అనే మాయమంచం మీద పడుకుంటే అది తిప్పి పారేస్తుంది. 'వన్ ఏ.ఎం.' మంచాన్ని మనసులో పెట్టుకోమన్నది ఇందుకే. నలభై ఏళ్ల తేడాతో రెండు మంచాలు, ఒకటే సూత్రం. మనిషి పెద్దరికం ప్రదర్శించబోతాడు, సామాను ఒప్పుకోదు. మన దగ్గర దానికి మాయ అనే కారణం తోడైంది, కౌరవుల వైపు పెద్దల డాబు దిగడం తోడైంది. పెళ్లిపీటల దగ్గర మాయ శశిరేఖ కాలు తొక్కితే లక్ష్మణకుమారుడిగా రేలంగి వేసే గెంతు చూడండి. నొప్పి, పరువు, పెళ్లికొడుకు చిరునవ్వు మూడూ ఒకే ముఖంలో, ఒకే క్షణంలో. అక్కడ రేలంగి ప్రపంచంలోని ఏ మూకీ హాస్యనటుడి పక్కనైనా నిలబడతాడు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు తెలుగు హాస్యానికే వచ్చిందని జనం సంబరపడ్డారు.

ఆ 'మాయాబజార్' సెట్టు మీద దర్శకుడు కె.వి. రెడ్డి గారికి సహాయకుడిగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు, 1987లో ఒక్క సంభాషణ లేకుండా 'పుష్పక విమానం' తీశారు. మూకీ కాదది, శబ్దాలున్నాయి, మాటే లేదు. నిరుద్యోగి, లాడ్జి గది, మంచుకత్తితో వెంటపడే హంతకుడు. నిండు నిడివి సినిమాను మాట లేకుండా మోయొచ్చని నిరూపించినవాడు మాటల మీద ప్రాణం పెట్టే తెలుగు దేశం నుంచి రావడం నాకెప్పుడూ గర్వంగా ఉంటుంది.

నా వరకు నేను ఈ అమెరికా చిన్న చిత్రాల్లోకి పూర్తిగా దిగింది చాలా ఆలస్యంగా. దూరదర్శన్ కాలంలో చూసిన తునకలు వేరు, ఒక్కొక్కరి పనినీ వరసపెట్టి చూడడం వేరు. అలా చూస్తూ 'వన్ వీక్' దగ్గర ఆగిపోయాను. కొత్తగా పెళ్లయిన జంటకి పెట్టెల్లో విడిభాగాలుగా ఇల్లు వస్తుంది. గిట్టనివాడు పెట్టెల మీద అంకెలు మార్చేస్తాడు. ఇల్లు వంకరటింకరగా లేస్తుంది. శుక్రవారం పదమూడో తేదీన గాలివాన. ఇల్లు మొత్తం రంగులరాట్నంలా గిర్రున తిరుగుతుంది, చుట్టాలు కిటికీల్లోంచి బయటికి పడతారు. తీరా చూస్తే ఇల్లు వేరేవాళ్ల స్థలంలో కట్టారట. పట్టాల అవతలికి లాగుతుంటే సరిగ్గా పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలు వస్తుంది, పక్క పట్టాల మీద దూసుకుపోతుంది. అమ్మయ్య అనుకునేలోపు అటు నుంచి ఇంకో రైలు వచ్చి ఇంటిని తునకలు చేసి పోతుంది. కీటన్ 'అమ్మబడును' అనే అట్ట ఒకటి పెట్టి, భార్య చెయ్యి పట్టుకుని నడిచిపోతాడు. ముఖంలో ఒక్క గీత కదలదు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లు గాలికి ఇల్లు తిరగడాన్ని ఊరికే చూడలేరు. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. తరాలుగా నిలబడ్డ కొబ్బరితోటలు తెల్లారేసరికి నేల మీద పరుచుకున్నాయి. కీటన్ 1928లో తీసిన 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' మరీ కష్టం. తుపానులో ఒక ఇంటి ముందుగోడ మొత్తం అతని మీద పడుతుంది, పై కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోటికి రావడంతో బతుకుతాడు. ఆ గోడ నిజమైనది, రెండు టన్నుల దాకా బరువని చెబుతారు, రెండు అంగుళాలు అటూ ఇటూ అయితే మనిషి ఉండడు. ఆ దృశ్యం చూసినప్పుడు నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఒళ్లు జలదరించింది, అయినా నవ్వు పోలేదు. అప్పుడు కీటన్ ముఖం ఎందుకు కదలదో నాకు ఒక సమాధానం తోచింది. తుపాను మర్నాడు మనుషుల ముఖాలు అలాగే ఉంటాయి. ఏడుపు తర్వాత వస్తుంది. ముందు పడిపోయిన తాటాకులు ఏరడం, పొయ్యి ఎక్కడ పెట్టాలో చూడడం, గేదె బతికిందా అని వెతకడం. కీటన్ ఎప్పుడూ ఆ మర్నాటి పనిలోనే ఉంటాడు. అతన్ని రాతిముఖం అని పిలిచి వదిలేయడం నాకు ఎప్పటికీ నచ్చదు.

ఇవన్నీ బంగారమే అనను. ఆ బొమ్మల్లో నల్లజాతివాళ్లను గేలిచేసే వేషాలు, తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని ఆడే ముక్కలు నిండా ఉన్నాయి. కీటన్, లాయిడ్ చిత్రాల్లో కూడా తప్పించుకోలేం. పిల్లలకు చూపించేటప్పుడు అది తప్పని చెప్పి చూపించాలి. మన తెలుగు సినిమా నత్తినీ నలుపునీ లావునీ ఏళ్ల తరబడి ఎగతాళి చేసి సంపాదించిన నవ్వులూ ఆ పద్దులోకే వస్తాయి.

చూసేవాళ్లకి ఒక జాగ్రత్త. ఆ కెమెరాలు చేత్తో తిప్పినవి, సెకనుకు పదహారు నుంచి ఇరవై బొమ్మల చొప్పున తీసేవారు. టాకీ యంత్రం ఇరవై నాలుగు తిప్పుతుంది. దాని మీద వేస్తే మనుషులు పురుగుల్లా గబగబా కదులుతారు. మన తరం టీవీలో చూసి మూకీ అంటే ఇంతే అనుకున్నది చాలావరకు ఆ తప్పు వేగాన్నే. హాస్యం కోసం కావాలని కొంచెం నెమ్మదిగా తిప్పి తీసినవీ ఉన్నాయి గానీ, ఆ కొలత కెమెరామన్ ఎంచుకున్నది. ఇప్పుడు పునరుద్ధరించిన ప్రతులు ఫోనులోనే దొరుకుతున్నాయి, పాతవి చాలావాటికి హక్కుల గొడవ కూడా తీరిపోయింది. 'వన్ వీక్', 'ది ఇమిగ్రెంట్', 'బిగ్ బిజినెస్'తో మొదలుపెడితే దారి దానంతటదే దొరుకుతుంది.

దొరికినవి అదృష్టం కొద్దీ దొరికినవే. అమెరికా మూకీ పెద్దచిత్రాల్లో అసలు రూపంలో మిగిలినవి నూటికి పద్నాలుగే అని 2013లో అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లెక్క తేల్చింది. నైట్రేట్ ఫిల్మ్ మండిపోతుంది, లేదా పొడి అయిపోతుంది. లారెల్ హార్డీల 'బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ'లో వేల కేకులు విసురుకునే రెండో రీలు పూర్తిగా దొరకక దశాబ్దాలు గడిచి, 2015లో ఒక సేకర్త దగ్గర బయటపడింది. మనకు 'భీష్మప్రతిజ్ఞ' లేదు, పుల్లయ్య గారి 'మార్కండేయ' లేదు. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఒకప్పుడు డేరా సినిమాలు నడిపిన కుటుంబాల అటకల మీద తుప్పు పట్టిన రేకు డబ్బాలు, బొమ్మల కరపత్రాలు, వ్యాఖ్యాతలు రాసుకున్న పుస్తకాలు ఇంకా ఉండి ఉంటే, దయచేసి పాత సామాన్లవాడికి వేయకండి. డబ్బాను ఎండలోనో దీపం దగ్గరో తెరవకండి, పాత ఫిల్మ్ క్షణంలో అంటుకుంటుంది. చల్లటి చోట పక్కన పెట్టి పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి కబురు చేయండి. ఫిల్మ్ లేకపోయినా, తాతగారు తెర పక్కన నిలబడి ఏ బొమ్మకు ఏం చెప్పేవారో గుర్తున్న పెద్దవాళ్లుంటే, ఆ మాటలు ఈ సంక్రాంతికి అందరూ ఇంట్లో ఉన్నప్పుడే ఫోనులో రికార్డు చేయండి.